హౌస్ మ్యూజిక్‌లో ఏముంది, కొత్తగా వినేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాల?

గుత్తికోట (అనంతపురం)
అందరికీ నమస్తే. బెంగుళూర్లో పని చేస్తా, శని ఆదివారాలు ఊరికొస్తాంటా. రూమ్‌లో నా జతగాళ్లు హౌస్ మ్యూజిక్ (క్లబ్బుల్లో డ్యాన్స్‌కి వేసే ఎలక్ట్రానిక్ సంగీతం) తప్ప ఇంకోటి పెట్టరు. మొదట్లో పట్టించుకోలేదు, ఇప్పుడేమో బస్సెక్కినాక నాకు నేనే వెతుక్కుని పెట్టుకుంటాన్నా. ఎందుకు నచ్చుతాందో మాత్రం చెప్పలేకపోతాన్నా. మాటలు తక్కువ, ట్యూన్ కూడా పెద్దగా మారదు, అయినా ఆపబుద్ధి కాదు. మా మేనమామ కొడుక్కి వినిపిస్తే ఐదు నిమిషాలు విని "ఇంతకీ పాట ఎప్పుడు మొదలైతాదిబ్బా" అన్నాడు. వాడికి ఏం చెప్పల్ల, ఏది వినిపించల్ల? ఇక్కడ తెలిసినోళ్లు ఉంటే కొంచెం వివరంగా చెప్పండి, నాక్కూడా తెలుసుకోవాలని ఉంది.

బేసుబాక్సు_కర్నూలు
అన్నా మాది సౌండ్ సర్వీసు, పెండ్లిళ్లకి, జాతరలకి బాక్సులు పెడతాం, కాబట్టి నేను సౌండ్ వైపు నుంచే చెప్తా. మీవాడికి ఫోన్ స్పీకర్లో వినిపించినారా? అట్లయితే వాడు అడిగింది న్యాయమే. హౌస్‌లో కిక్కు (పెద్ద డ్రమ్ము దెబ్బ), బేసు రెండూ శానా కిందుంటాయి, వంద హెర్ట్జ్‌కి దిగువన. ఫోన్లో ఉండే ఇంత చిన్న స్పీకర్ దాన్ని పలికించలేదు, పైన ఉండే టిక్కు టిక్కు మాత్రమే బయటికొస్తాది. అంటే పాటలో ముఖ్యమైన భాగం వాడి దాకా రానే లేదు. మంచి ఇయర్‌ఫోన్స్ అయినా పర్లేదు, బేసు బాక్సు ఉంటే ఇంకా మేలు.

ఇంక బీట్ ఎట్లుంటాదంటే, నాలుగు లెక్కలుంటే నాలుగింటికీ కిక్కు పడతాది, ఒక్కటీ తప్పదు. రెండో దానికి, నాలుగో దానికి క్లాప్. కిక్కుకీ కిక్కుకీ సరిగ్గా మధ్యలో హైహ్యాట్ (తాళాల మాదిరి రెండు రేకులు) "త్స్" అని తెరుచుకుంటాది. మనిషిని ఆడించేది నా లెక్కలో ఈ హైహ్యాటే. కిక్కు పడినప్పుడు కాలు కిందికి పోతాది, హైహ్యాట్ పడినప్పుడు ఒళ్లు పైకి లేస్తాది. ఎవరూ నేర్పకుండానే తల ఊగడం మొదలైతాది చూడండి, అందుకే. స్పీడ్ నిమిషానికి 120 నుంచి 128 దెబ్బలు, ఎక్కువ పాటలు ఆ మధ్యలోనే ఉంటాయి. 120 అంటే సెకనుకి రెండు. గబగబా నడిచే మనిషి అడుగు వేగం దాదాపు అంతే, ఒంటికి కొత్తగా అనిపించదు.

పెన్నా_ఒడ్డు (కడప)
సౌండ్ గురించి తమ్ముడు బాగా చెప్పినాడు. నేను ఇది ఎక్కడ పుట్టిందో చెప్తాను, ఎందుకంటే నాకు ఈ సంగీతం మీద ఇష్టం కుదిరింది ఆ కథ తెలిసినాకనే.

1977లో షికాగోలో వేర్‌హౌస్ అని ఒక క్లబ్ మొదలైంది. అక్కడ రికార్డులు వేసే ఆయన ఫ్రాంకీ నకల్స్, న్యూయార్క్ నుంచి వచ్చినాడు. వచ్చే జనం ఎక్కువ మంది నల్లజాతి వాళ్లు, లాటిన్ అమెరికా మూలాల వాళ్లు, గే కుర్రాళ్లు. వేరే క్లబ్బుల్లో గుమ్మం దగ్గరే వెనక్కి పంపించేవాళ్లు వీళ్లని. ఇక్కడ మందు కూడా ఉండేది కాదు, జ్యూసు తాగి తెల్లారేదాకా ఆడేవాళ్లు. ఆ క్లబ్ పేరులోనుంచే హౌస్ అనే పేరు వచ్చిందంటారు.

అప్పుడు బయట ఏం జరుగుతాండెనో కూడా తెలియాలి. 1979 జులై 12న అదే షికాగోలో కొమిస్కీ పార్క్ బేస్‌బాల్ స్టేడియంలో, రెండు మ్యాచ్‌ల మధ్యలో, ఒక పెట్టె నిండా డిస్కో రికార్డులు పోసి పేల్చేసినారు. జనం గ్రౌండ్‌లోకి దూకేసరికి రెండో మ్యాచ్ జరగనే లేదు. డిస్కో అంటే నల్లవాళ్ల సంగీతం, గే వాళ్ల సంగీతం అనే ద్వేషం అందులో ఉందని అప్పట్లోనే కొందరు రాసినారు, నేనూ అదే నమ్ముతాను. ఆ తర్వాత పెద్ద కంపెనీలు డిస్కో తీయడం తగ్గించినాయి. కొత్త రికార్డులు రాకపోతే డీజేలు ఏం వేస్తారు? ఉన్న పాటల్నే టేపు కోసి, అతికించి, బాగున్న ముక్కని పొడిగించి వేసినారు. కింద డ్రమ్ మెషిన్ కలిపినారు. అట్ల అట్ల పాతదాంట్లోనుంచి కొత్తది తయారైంది. 1984లో జెస్సీ సాండర్స్ "ఆన్ అండ్ ఆన్" వచ్చింది, చాలామంది దాన్నే మొదటి హౌస్ రికార్డు అంటారు. 2004లో వేర్‌హౌస్ ఉన్న వీధికి ఫ్రాంకీ నకల్స్ పేరు పెట్టినారు. 2014లో ఆయన చనిపోయినాడు.

ఎవరూ రానివ్వని మనుషులు తమ కోసం తాము కట్టుకున్న చోటు అది. పాటల్లో ఊరికే "రండి, కలిసి ఆడదాం" అని ఉంటుంది కదా, ఆ మాట వాళ్లకి ఎంత విలువైనదో ఆలోచించండి.

వేంపల్లె_రేడియో
అందరూ బాగా చెప్తున్నారు, చరిత్ర మీద నాకు గౌరవమే. కానీ నా అనుమానం నాది. మేము ఆకాశవాణి కడప కేంద్రం వింటా పెరిగినోళ్లం. పాటంటే పల్లవి, అనుపల్లవి, చరణం. ఇళయరాజా నాలుగున్నర నిమిషాల పాటలో రెండు ఇంటర్లూడ్లు పెట్టి, రెండూ వేర్వేరుగా చేసి, మళ్లా పల్లవికి తెచ్చి కలుపుతాడు. ఇక్కడేమో ఏడు నిమిషాలు ఒకటే కిక్కు. ఇందులో కూర్పు ఎక్కడుంది? వినేవాడు దేన్ని పట్టుకోవాల? కొట్లాటకి అడగడం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నా.

బేసుబాక్సు_కర్నూలు
పెద్దాయనా మంచి ప్రశ్న. కూర్పు ఉంది, కానీ మీరు వెతికే చోట లేదు. సినిమా పాటలో ట్యూన్ ముందుకి పోతాది. ఇక్కడ ట్యూన్ నిలబడి ఉంటాది, చుట్టూ ఉండేవి వస్తాంటాయి, పోతాంటాయి. ఎనిమిది బార్లకి, అంటే 32 దెబ్బలకి ఒకసారి ఏదో ఒకటి మారతాది. 120 స్పీడ్‌లో అయితే 16 సెకన్లు. ముందు ఉత్త కిక్కు, తర్వాత హైహ్యాట్, తర్వాత బేసు, ఆ తర్వాత కీబోర్డ్ కార్డులు (రెండు మూడు స్వరాలు ఒకేసారి మోగించేవి), ఉన్నట్టుండి కిక్కు మాయం. ఆ కిక్కు పోయినప్పుడు చూడండి సామీ, అంతవరకు దాన్ని విననట్టే ఉండినోళ్లు కూడా ఎప్పుడొస్తాదా అని ఎదురుచూస్తారు. తిరిగొచ్చేసరికి ఫ్లోర్ మొత్తం లేస్తాది. ఒక్క సౌండ్‌ని తీసేసి, మళ్లా పెట్టి మనిషికి అంత సంతోషం ఇవ్వడం కూర్పు కాదంటే ఎట్ల.

మొదట్లో కాసేపు ఉత్త డ్రమ్ములే ఉండేదానికి కారణం కూడా ఉంది. ఇవి డీజేల కోసం చేసిన 12 అంగుళాల రికార్డులు. ముందు పాట అయిపోకముందే దాని మీద ఈ పాటని కలపల్ల, కలిపేదానికి ఖాళీ కావల్ల. అందుకని ఒక్కో పాటని విడిగా తీసి ఐదు నిమిషాల్లో తీర్పు చెప్తే అన్యాయం జరుగుతాది. ఒక మంచి డీజే గంటన్నర సెట్ (ఆపకుండా ఒకదానికొకటి కలిపి వేసే పాటల వరస) వినండి, అప్పుడు పల్లవి చరణాల లాంటివి పాటల మధ్యన వినపడతాయి.

దుర్గం_పిల్లోడు (కళ్యాణదుర్గం)
నాకు ఇది చదువుతాంటే మా ఊరి చెక్కభజనే కండ్ల ముందుకొస్తాంది. శ్రీరామనవమికి మావాళ్లు గుండ్రంగా నిలబడి, చేతుల్లో చెక్కలు, కాళ్లకి గజ్జెలు, ఒకటే అడుగు పట్టుకుని ఎంతసేపు వేస్తారో తెలుసు కదా. చూసేటోడికి అంతా ఒకటే, లోపల ఉన్నోడికి ఒక్కో చుట్టు ఒక్కో రకం. గురువు విజిల్ ఊదితే అడుగు మారతాది, ఆ మారే క్షణం కోసమే అందరూ కాచుకుని ఉంటారు. నేను కూడా ఆడినా, అర్ధగంట దాటినాక కాలు నాది కాదన్నట్టు దానంతటదే పోతాంటాది. బెంగుళూర్లో మొదటిసారి ఒక హౌస్ సెట్‌కి పోయినప్పుడు అర్ధగంటకి సరిగ్గా అట్లనే అయింది, ఇది నాకు తెలిసిందే కదా అనిపించింది.

పెన్నా_ఒడ్డు
బాగుంది తమ్ముడూ, కానీ ఒక తేడా ఉంది. చెక్కభజనలో నిదానంగా మొదలై వేగం పెరుగుతా పోతుంది, చివరికి ఊపిరి ఆడదు. హౌస్‌లో వేగం పెరగదు, 122 అంటే 122లోనే గంటలు గంటలు. వేగం పెంచకుండా ఊపు పెంచాలి, డీజే పనితనం అంతా అక్కడే ఉంది.

దుర్గం_పిల్లోడు
అవునక్కా, ఆ తేడా నిజమే. అందుకేనేమో చెక్కభజన అయిపోయినాక కూలబడతాం, అక్కడ మూడు గంటలైనా ఇంకా కావాలనే ఉంటాది.

ఆదోని_పత్తి
నాదొక ప్రశ్న. కర్నూలు జిల్లాలో హౌస్ వేసే క్లబ్బులు యాడున్నాయి, పైగా ఆడపిల్లలం రాత్రిపూట యాడికి పోతాం. క్లబ్‌కి పోకుండా ఇంట్లో వింటే దీనికి అర్థం ఉందా? నేను బ్యాంక్ పరీక్షలకి చదువుతాన్నా, చదివేటప్పుడు డీప్ హౌస్ (హౌస్‌లోనే మెత్తగా, నెమ్మదిగా అనిపించే రకం) పెట్టుకుంటా. సినిమా పాట పెడితే మాటలెంబడి మనసు పోతాది, నేను పెట్టేదాంట్లో మాటలుండవు, లెక్కలు చేసేటప్పుడు బాగా కుదురుతాది. కానీ ఇట్ల వినడం సరైనదేనా అని అనిపిస్తాంటాది.

పెన్నా_ఒడ్డు
సరైనది కాకపోవడం ఏంది తల్లీ. లారీ హర్డ్ అని షికాగో ఆయన, అంతకుముందు బ్యాండ్లలో డ్రమ్ములు వాయించేవాడు. తర్వాత ఇంట్లో ఒక సింథసైజరు (కరెంటుతో రకరకాల సౌండ్లు పుట్టించే కీబోర్డు), ఒక డ్రమ్ మెషిన్ పెట్టుకుని ఒక్కడే పాటలు చేసినాడు. మిస్టర్ ఫింగర్స్ అనే పేరుతో 1986లో "కెన్ యూ ఫీల్ ఇట్" వచ్చింది. డీప్ హౌస్ అనేదానికి మూలం వెతికితే అందరూ అక్కడికే పోతారు. అది మాటల్లేని వెర్షన్ వినాలి. కింద బేసు గుండ్రంగా తిరుగుతా ఉంటుంది, పైన కార్డులు మెల్లగా పరుచుకుంటాయి, అంతే, ఇంకేం జరగదు, కానీ అయిపోయేసరికి మనసు తేలికవుతుంది. ఇంట్లో ఒంటరిగా కూర్చుని చేసినదాన్ని ఇంట్లో ఒంటరిగా కూర్చుని వినడానికి మించిన పద్ధతి ఏముంది. నువ్వు చదువుకుంటా వినడం ఆ సంగీతానికి మర్యాదే.

ఇంకో సంగతి. ఇదంతా పెద్ద స్టూడియోల్లో పుట్టింది కాదు. మార్షల్ జెఫర్సన్ పోస్టాఫీసులో పని చేసేవాడు. పియానో సరిగ్గా వాయించడం రాదు, అందుకని స్పీడ్ బాగా తగ్గించి నిదానంగా వాయించి రికార్డు చేసి, తర్వాత స్పీడ్ పెంచినాడు. అదే 1986లో వచ్చిన "మూవ్ యువర్ బాడీ". ఆ పియానో వింటే ఎవరైనా చర్చిలో పెరిగినోడి చేయి అనుకుంటారు, అంత సంబరంగా ఉంటుంది.

ప్రొద్దుటూరు_పసిడి
వేంపల్లె సార్‌కి నేనొకటి చెప్తా, ఇది వింటే మీకు తప్పకుండా ఆసక్తి పుడుతుంది. చరణ్‌జీత్ సింగ్ అని బొంబాయి సినిమా పాటలకి వాయించే ఆయన, ఆర్.డి.బర్మన్ దగ్గర కూడా వాయించినాడు. 1982లో ఆయన సింథసైజర్ల మీద పది రాగాలు వాయించి ఒక ఎల్‌పీ తీసినాడు, డిస్కో బీట్ మీద పది రాగాలు అనే అర్థం వచ్చే పేరుతో. రోలాండ్ టీఆర్ 808 డ్రమ్ మెషిను, టీబీ 303 బేస్ మెషిను, జూపిటర్ 8 కీబోర్డు, ఈ మూడే. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఐదేండ్ల తర్వాత 1987లో షికాగోలో ఫ్యూచర్ అనే ముగ్గురి గుంపు అదే 303తో "యాసిడ్ ట్రాక్స్" తీసినారు, ప్రపంచమంతా దాన్ని యాసిడ్ హౌస్ అనింది. 2010లో చరణ్‌జీత్ సింగ్ రికార్డు మళ్లీ విడుదలైనప్పుడు వినినోళ్లు ఆశ్చర్యపోయినారు, ఇది యాసిడ్ హౌస్ మాదిరే ఉంది కదా, అది కూడా ముందే వచ్చింది కదా అని. షికాగో వాళ్లు ఆయన్ని విని చేయలేదు, ఆయన వాళ్లని విని చేయలేదు, ఒకే మెషిను రెండు ఊర్లలో రెండు దార్లు తొక్కింది. ఆయన 2015లో పోయినారు.

సార్, అందులో భూపాలి ఉంది, అంటే మన మోహనం. మాల్‌కౌంస్ ఉంది, అంటే మన హిందోళం. యమన్ అంటే మీకు కళ్యాణి. రాగం తెలిసిన చెవి మీది, ముందు ఆ మూడూ వినండి. కింద కిక్కు ఆగకుండా నడుస్తాంటే పైన రాగం స్వేచ్ఛగా తిరుగుతా ఉంటుంది.

బేసుబాక్సు_కర్నూలు
303 గురించి ఇంకొంచెం చెప్పల్ల. బేసు వాయించేటోడు దొరకని గిటారు వాళ్ల కోసం రోలాండ్ కంపెనీ దాన్ని చేసింది, తోడుగా మోగతాదని. నిజమైన బేస్ గిటార్ మాదిరి ఏమాత్రం పలకలేదు, ఎక్కువమంది కొనలేదు, 1984కల్లా తయారీ ఆపేసినారు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికితే షికాగో కుర్రోళ్లు తెచ్చుకుని, మోగుతాంటే నాబ్‌లు తిప్పినారు. అప్పుడొచ్చిన ఆ మెలికలు తిరిగే కీచు సౌండే యాసిడ్. టేపు తీసుకుపోయి మ్యూజిక్ బాక్స్ క్లబ్‌లో రాన్ హార్డీకి ఇచ్చినారు. ఆయన వేస్తే మొదట జనం ఫ్లోర్ ఖాళీ చేసినారు. ఆయన వదల్లేదు, అదే రాత్రి మళ్లా వేసినాడు, మళ్లా వేసినాడు, నాలుగోసారికి జనం పిచ్చెక్కినట్టు ఆడినారంట. ఫ్యూచర్ గుంపులో ఉన్న డీజే పియర్ ఈ కథ శానాసార్లు చెప్పినాడు.

గుత్తికోటన్నా, మీవాడికి ఇదే చెప్పండి. షికాగో వాళ్లకే నాలుగుసార్లు పట్టింది, ఒక్కసారి విని వదిలేయొద్దని.

గుత్తికోట
అన్నా అక్కా, ఇంత చెప్తారనుకోలేదు, శానా సంతోషం. మా వాడికి ఇప్పుడు వరసగా ఏమేమి పెట్టల్ల? నా జతగాళ్లు డాఫ్ట్ పంక్ అనే ఫ్రాన్స్ జంటతో మొదలుపెట్టు అంటాన్నారు.

ప్రొద్దుటూరు_పసిడి
డాఫ్ట్ పంక్ మంచి దారే. 1997లో వచ్చిన "హోమ్‌వర్క్" ఆల్బమ్‌లో "టీచర్స్" అనే ట్రాక్ ఉంది, అందులో వరసగా తమకి దారి చూపించిన డీజేల, సంగీతకారుల పేర్లు చదువుతా పోతారు. పారిస్ కుర్రోళ్లు షికాగో వాళ్లని గురువులుగా చెప్పుకున్నారన్నమాట. ఆ పేర్లు పట్టుకుని వెనక్కి పోతే చాలు, ఏడాదికి సరిపడా సంగీతం. ఇప్పటి వాళ్లకి ఇంకా దగ్గరగా కావాలంటే అమెరికా గాయని బియాన్సే 2022 ఆల్బమ్ "రెనెసాన్స్".

పెన్నా_ఒడ్డు
నేను ఒప్పుకోను. కొత్తవాళ్లకి ముందు మనిషి గొంతు కావాలి, మన చెవి గొంతుకే అలవాటు పడింది. రాబిన్ ఎస్ "షో మీ లవ్" పెట్టు, స్టోన్‌బ్రిడ్జ్ రీమిక్స్. ఆ ఆర్గన్ బేసు మొదలైన నాలుగు సెకన్లకే ఎవరైనా లేచి నిలబడతారు, అది కోర్గ్ ఎం1 కీబోర్డులో ముందే ఉన్న సౌండ్, దాన్ని పెట్టి ఎన్ని వందల పాటలు చేసినారో. తర్వాత క్రిస్టల్ వాటర్స్ 1991లో పాడిన "జిప్సీ వుమన్". వినేవాడు దేన్ని పట్టుకోవాల అన్నారు కదా వేంపల్లె సార్, ఇది ఇల్లు లేక వీధిలో పాడుకుంటా డబ్బులడిగే ఒక ఆడమనిషి గురించి. పొద్దున్నే లేచి ముఖానికి అలంకారం చేసుకుని నిలబడుతుంది ఆమె. అందరూ డ్యాన్స్ చేసే పాటలో ఆమె గురించి పాడినారు. నాకు ఆ పాట వింటే ఆడాలనీ ఉంటుంది, గొంతు పట్టేసినట్టూ ఉంటుంది. మాటల పాటలు రెండు మూడు అలవాటైనాక "కెన్ యూ ఫీల్ ఇట్", ఆ తర్వాతే పొడుగు సెట్లు.

ఆదోని_పత్తి
నేను అమాపియానో కూడా చెప్తా, దక్షిణాఫ్రికాది. హౌస్ బిడ్డే కానీ స్పీడ్ తక్కువ, 112 దగ్గర, కిక్కు అంత గట్టిగా తొక్కదు, బదులుగా లాగ్ డ్రమ్ అని ఒక బేసు సౌండ్ దొర్లుతా వస్తాది. మా అమ్మ వంట చేస్తా దీనికి తల ఊపింది, ఇంట్లోవాళ్లకి వినిపించాలంటే ఇదే నా ఓటు. ఆ దేశం వాళ్లకి హౌస్ అంటే ఎంత ప్రాణమంటే అక్కడి డీజే బ్లాక్ కాఫీకి 2022లో గ్రామీ వచ్చింది.

వేంపల్లె_రేడియో
ప్రొద్దుటూరు బాబూ, మీరు చెప్పిన మోహనం, హిందోళం రెండూ విన్నా, మా అల్లుడు బేసు ఉండే స్పీకర్ పెట్టినాడు. మోహనం మొదట్లో మెషిను గొంతు కొంచెం ఇబ్బంది పెట్టింది. గమకాలు మనం పాడినట్టు రావు, అది లోటే, ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ హిందోళంలో బేసు ఒకే వరస మీద తిరుగుతాంటే నాకు తంబూరా గుర్తొచ్చింది. శ్రుతి మారకుండా కింద ఉండబట్టే కదా పైన రాగానికి ధైర్యం. ఈ కిక్కు కూడా అట్లాంటి ఆధారమే అనుకుంటే నాకు దారి దొరికినట్టుంది. "జిప్సీ వుమన్" కూడా విన్నా, మాటలు అల్లుడు తెలుగులో చెప్పినాడు. మంచి పాట. ఇప్పుడు ఆ గంటన్నర సెట్ ఏదో ఒకటి చెప్పండి, ఆదివారం కూర్చుంటా.

బేసుబాక్సు_కర్నూలు
పెద్దాయనా చాలా సంతోషం. ఫ్రాంకీ నకల్స్ పాత సెట్ల రికార్డింగులు యూట్యూబ్‌లో దొరుకుతాయి, ఏదో ఒకటి పూర్తిగా వినండి, మధ్యలో ముందుకి జరపొద్దు. మొదటి ఇరవై నిమిషాలు హైహ్యాట్ ఒక్కదాన్నే పట్టుకోండి, అది ఎప్పుడు వస్తాంది, ఎప్పుడు పోతాంది. తర్వాత బేసు మీదికి రండి. వాల్యూమ్ ఒంటికి తెలిసేంత ఉంటే చాలు, చెవి గింగురుమనేంత వద్దు, మా పనిలో చెవులు పోగొట్టుకున్నోళ్లని చూసినాను. స్పీకర్‌ని గది మూలకి దగ్గరగా పెడితే బేసు ఇంకొంచెం నిండుగా వస్తాది, మరీ బొంగురు పోతే ఒక అడుగు ముందుకి జరపండి.

గుత్తికోట
నేను కూడా ఈ ఆదివారం మా వాడిని కూర్చోబెడతా, "షో మీ లవ్"తో మొదలుపెట్టి. మా ఇంట్లో ఉన్నది టీవీ పక్కన పెట్టే పొడుగు సౌండ్‌బార్ అన్నా, దానికి విడిగా బేసు డబ్బా లేదు. అది సరిపోతాదా, లేకపోతే ఇయర్‌ఫోన్సే మేలా?

బేసుబాక్సు_కర్నూలు
డబ్బా లేకపోతే ఇయర్‌ఫోన్సే మేలు, చెవిలో బిగుతుగా కూర్చునే రకం. వదులుగా ఉంటే బేసంతా బయటికి పోతాది.